వడ్ల చిట్టా నుంచి ట్యాలీ ఫైలు దాకా: ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ వాడే తీరు

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో, ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో, నల్లగొండ, పాలమూరు టౌన్లలోని అకౌంటెంట్ల దగ్గర ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు రోజూ పుడుతుంటాయి. ప్రతి విలువనూ దాని పేరు చెప్పే ట్యాగుల మధ్య రాసే పద్ధతి ఇది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తన సమాచారాన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా కూడా ఎగుమతి చేస్తుంది. గూగుల్ ఎర్త్‌లో చెరువు హద్దు గీసి సేవ్ చేస్తే వచ్చే కేఎమ్‌ఎల్ కూడా లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్లే. వీటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికి మార్చడం ప్రమాదం. ఒక ముగింపు ట్యాగు చెరిగిపోయినా ఫైలు మొత్తం పనికిరాదు. పైగా "2320" అని వెతికి "2389" పెడితే ధరతోపాటు 2320 నంబరు టోకెన్ కూడా మారిపోతుంది. ట్యాగుల నిర్మాణం తెలిసిన పనిముట్టుతోనే వీటిని ముట్టుకోవాలి.

ఆ పనికి మేం సిఫారసు చేసేది ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్. మిఖాయిల్ గ్రుషిన్‌స్కీ మొదలుపెట్టిన ఈ ఉచిత కమాండ్‌లైన్ పనిముట్టు లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లైబ్రరీల మీద నడుస్తుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఐదు ఉప ఆదేశాలు నేర్చుకుంటే చాలు: ఎల్ (ఇ, ఎల్ అక్షరాలు) ఫైలు ఆకారం చూపిస్తుంది, సెల్ (ఎస్, ఇ, ఎల్) కావలసింది ఏరి ఇస్తుంది, ఎడ్ (ఇ, డి) మారుస్తుంది, వాల్ (వి, ఏ, ఎల్) తప్పులు పడుతుంది, ఎఫ్‌ఓ వరసలు సర్దుతుంది.

ఈ వ్యాసంలో ఆదేశాలన్నీ తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే తెర) ఆదేశాలు, ఆప్షన్లు, ఫంక్షన్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాం. ట్యాగుల పేర్లు మాత్రం ఇక్కడ ఉన్నట్టే తెలుగులో కొట్టవచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణం తెలుగు అక్షరాలతో ట్యాగు పేర్లను ఒప్పుకుంటుంది.

ఎక్కించడం

ఉబుంటు, డెబియన్‌లో:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్

ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్, మ్యాక్‌లో సుడో లేకుండా బ్రూ. కొన్ని లినక్సుల్లో ఇదే ప్రోగ్రాం ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మూడక్షరాల పేరుతో దిగుతుంది. ఆదేశం దొరకలేదని వస్తే ఆ పేరు కొట్టి చూడండి. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఎక్కించుకుని అందులో ఉబుంటు వాడటం మేలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు ట్యాగులు ప్రశ్నార్థకాలుగా మారే అవకాశం ఎక్కువ. అక్కడ ఒంటి కోట్లు కూడా కోట్లుగా పనిచేయవు. వెర్షన్ 1.6.1 ఉంటే ఇక్కడ చెప్పినవన్నీ నడుస్తాయి.

పని చేయబోయే ఫైలు

ఒక కేంద్రానికి వచ్చిన వడ్ల లెక్క ఇలా ఉందనుకుందాం. ఫైలు పేరు వడ్లు.ఎక్స్‌ఎమ్‌ఎల్. అంకెలు ఉదాహరణకు వేసినవి.

<?ఎక్స్‌ఎమ్‌ఎల్ వెర్షన్="1.0" ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8"?>
<కొనుగోళ్లు సీజన్="వానాకాలం 2025-26">
  <కేంద్రం మండలం="నకిరేకల్">
    <రైతు టోకెన్="101">
      <రకం>ఏ గ్రేడ్</రకం>
      <బస్తాలు>120</బస్తాలు>
      <తేమ>16.5</తేమ>
      <ధర>2320</ధర>
    </రైతు>
    <రైతు టోకెన్="102">
      <రకం>సాధారణ</రకం>
      <బస్తాలు>85</బస్తాలు>
      <తేమ>18.2</తేమ>
      <ధర>2300</ధర>
    </రైతు>
    <రైతు టోకెన్="103">
      <రకం>ఏ గ్రేడ్</రకం>
      <బస్తాలు>60</బస్తాలు>
      <తేమ>17.0</తేమ>
      <ధర>2320</ధర>
    </రైతు>
  </కేంద్రం>
</కొనుగోళ్లు>

మొదటి వరస మొత్తం అసలు ఫైలులో ఇంగ్లీషులోనే ఉండాలి. అందులో ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) మాట వదిలేయకండి. అది లేని ఫైలును ఎడ్‌తోనో ఎఫ్‌ఓతోనో రాయిస్తే ట్యాగుల మధ్య ఉన్న తెలుగు అంతా అంకెల కోడ్‌లుగా బయటికొస్తుంది. ఒక్క "త" బదులు &#, ఎక్స్, సీ24 కలిసిన ముక్క కనబడుతుంది. సమాచారం పోదు గానీ మనిషి చదవలేడు. అలా జరిగితే ఎఫ్‌ఓకు --ఎన్‌కోడ్ యూటీఎఫ్-8 ఇచ్చి మళ్లీ రాయించండి.

తెలుగు ట్యాగులతో ఇంకో చిక్కు ఉంది. దీన్ని ముందే తెలుసుకోకపోతే గంటలు పోతాయి. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా మనం కొట్టే కంటికి కనబడని విడదీత గుర్తు ట్యాగు పేరులో ఉండకూడదు. ఫైలులో అది ఉండి మీ ఆదేశంలో లేకపోతే రెండు పేర్లూ చూడటానికి దగ్గరగానే ఉంటాయి, పోల్చినప్పుడు మాత్రం వేరు. "రైతు"లోని ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఈ రెండింటినీ ఒకటిగా చూడదు. అందుకే ట్యాగు పేరును చేత్తో మళ్లీ కొట్టకుండా, కింద చెప్పిన ఎల్ ఇచ్చిన జాబితా నుంచి కాపీ చేసి అతికించండి.

ముందు ఆకారం చూడాలి

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ ఎల్ -యు వడ్లు.ఎక్స్‌ఎమ్‌ఎల్

ఫైలులో ఎన్ని వేల రైతులున్నా ఒక్కో దారి ఒక్కసారే వస్తుంది:

కొనుగోళ్లు
కొనుగోళ్లు/కేంద్రం
కొనుగోళ్లు/కేంద్రం/రైతు
కొనుగోళ్లు/కేంద్రం/రైతు/తేమ
కొనుగోళ్లు/కేంద్రం/రైతు/ధర
కొనుగోళ్లు/కేంద్రం/రైతు/బస్తాలు
కొనుగోళ్లు/కేంద్రం/రైతు/రకం

-యు బదులు -ఏ ఇస్తే టోకెన్, మండలం లాంటి యాట్రిబ్యూట్లు (ట్యాగు లోపలే పేరు="విలువ" అని రాసేవి) కూడా @ గుర్తుతో కనబడతాయి. ఎవరో పంపిన ఫైలుకు ఈ అడుగు తప్పనిసరి. "బస్తాలు" అని కొన్నిచోట్ల, "బస్తా" అని కొన్నిచోట్ల పడి ఉంటే ఇక్కడే రెండు వరసలుగా తేలిపోతుంది. తర్వాత కూడికలో ఎందుకు తేడా వచ్చిందని తల పట్టుకునే పని ఉండదు.

అడగడం

ఈ దారులే ప్రశ్న భాష. దాని పేరు ఎక్స్‌పాత్. ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్‌కు తెలిసింది 1999 నాటి ఎక్స్‌పాత్ 1.0 మాత్రమే. ఇంటర్నెట్‌లో దొరికే 2.0, 3.1 ఉదాహరణలు ఇందులో నడవవు. రెండు గీతలు // అంటే ఎక్కడున్నా సరే, @ అంటే యాట్రిబ్యూట్, చదరపు బ్రాకెట్లలో రాసేది షరతు.

తేమ 17 శాతం దాటిన వడ్లు ఎవరివో అడుగుదాం. కనీస మద్దతు ధరకు కొనడానికి వడ్లలో తేమ 17 శాతం మించకూడదు కాబట్టి రోజూ కావలసిన లెక్క ఇది.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ సెల్ --టెక్స్ట్ --టెంప్లేట్ --మ్యాచ్ '//రైతు[తేమ > 17]' --వాల్యూ-ఆఫ్ '@టోకెన్' --అవుట్‌పుట్ '|' --వాల్యూ-ఆఫ్ 'తేమ' --ఎన్‌ఎల్ వడ్లు.ఎక్స్‌ఎమ్‌ఎల్

జవాబు ఒక్క వరస: 102|18.2. 17.0 ఉన్న 103 రాలేదు, సరిగ్గా 17 అంటే దాటినట్టు కాదు. --మ్యాచ్ దొరికిన ప్రతి రైతు దగ్గర ఒకసారి ఆగుతుంది. దాని తర్వాత రాసే దారులన్నీ ఆ రైతు నుంచే లెక్క. అందుకే అక్కడ "//తేమ" అని కాకుండా ఉత్త "తేమ" అని రాయాలి. గీతలు పెట్టి రాస్తే ప్రతి రైతు పక్కన ఊరందరి తేమా వచ్చి పడుతుంది. --ఎన్‌ఎల్ వరస మారుస్తుంది.

ప్రశ్న చుట్టూ కోట్లు ఎప్పుడూ ఉండాలి. కోట్లు లేకుండా //రైతు[తేమ>17] అని కొడితే షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) ఆ > గుర్తును "ఫైలులోకి రాయి" అని అర్థం చేసుకుంటుంది. 17] అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు తయారవుతుంది, జవాబు మాత్రం రాదు. లినక్స్‌లో బయట ఒంటి కోట్లు పెట్టి, లోపల మాటల చుట్టూ జంట కోట్లు పెట్టడం అలవాటు చేసుకోండి. డాలర్ గుర్తు ఉన్న ప్రశ్నలకు కూడా అదే రక్ష.

--టెక్స్ట్ ఎందుకంటే, అది లేకపోతే జవాబు కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలోనే వస్తుంది. "& కో" అని ఉన్న మిల్లు పేరులో & బదులు &, ఏ, ఎమ్, పి, సెమికోలన్ వరసగా కనబడతాయి. ఆ పేర్లను చీటీ మీద అచ్చు వేశాక గాని తప్పు బయటపడదు.

ప్రతి టోకెన్ పక్కన మాట రాయించాలంటే:

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ సెల్ --టెక్స్ట్ --టెంప్లేట్ --మ్యాచ్ '//రైతు' --వాల్యూ-ఆఫ్ '@టోకెన్' --అవుట్‌పుట్ ' ' --ఇఫ్ 'తేమ > 17' --అవుట్‌పుట్ 'ఆరబెట్టాలి' --ఎల్స్ --అవుట్‌పుట్ 'కాంటాకు సిద్ధం' --బ్రేక్ --ఎన్‌ఎల్ వడ్లు.ఎక్స్‌ఎమ్‌ఎల్

--బ్రేక్ మరిస్తే --ఎన్‌ఎల్ కూడా --ఎల్స్ లోపలే ఇరుక్కుంటుంది. అప్పుడు కొన్ని వరసలు అతుక్కుపోయి వస్తాయి.

ఈ ఆదేశంలో ఇంతకంటే పెద్ద గొయ్యి ఒకటుంది. తేమ కొలవని, లేదా ఖాళీగా వదిలేసిన రైతు వడ్లు "కాంటాకు సిద్ధం" అని వచ్చేస్తాయి. లేని విలువతో ఏ పోలిక చేసినా ఎక్స్‌పాత్ "కాదు" అంటుంది, కాబట్టి పని --ఎల్స్ వైపు పోతుంది. అందుకే ముందు ఇది అడగండి:

//రైతు[నాట్(నంబర్(తేమ))]

తేమ ట్యాగు లేకపోయినా, ఖాళీగా ఉన్నా, అంకె కానిది ఉన్నా ఈ ప్రశ్నకు దొరుకుతుంది. తెలుగు అంకెల్లో ౧౬ అని రాసినా ఇది పట్టుకుంటుంది, ఎందుకంటే ఎక్స్‌పాత్‌కు 0 నుంచి 9 వరకే అంకెలు. 1,200 అని కామా పెట్టినా అంకె కాదు. బస్తాల కూడిక

సమ్(//బస్తాలు)

అని అడిగితే మన ఫైలుకు 265 వస్తుంది. వెయ్యి మందిలో ఒక్కరి దగ్గర కామా ఉన్నా మొత్తం జవాబే "అంకె కాదు" అని వస్తుంది, ఇంగ్లీషులో ఎన్, ఏ, ఎన్ మూడక్షరాలుగా. అది కనబడితే పై ప్రశ్నలో తేమ బదులు బస్తాలు పెట్టి దోషి ఎవరో పట్టుకోండి.

వరస పెట్టించడానికి --మ్యాచ్ వెంటనే --సార్ట్ డి:ఎన్:- 'బస్తాలు' అని రాయాలి. డి, ఎన్ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు: డి అంటే పెద్దది ముందు, ఎన్ అంటే అంకెగా పోల్చు. ఎన్ బదులు టి పెడితే మాటగా పోలుస్తుంది, అప్పుడు 85 బస్తాలు 120 కంటే పెద్దవైపోతాయి.

మార్చడం

మన ఫైలులో ధరలు పాతవి. 2024-25 మద్దతు ధర ఏ గ్రేడ్‌కు క్వింటాకు 2320, సాధారణ రకానికి 2300. 2025-26కు అవి 2389, 2369 అయ్యాయి. రకం చూసి ధర మార్చాలి:

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ ఎడ్ --అప్‌డేట్ '//రైతు[రకం="ఏ గ్రేడ్"]/ధర' --వాల్యూ 2389 --అప్‌డేట్ '//రైతు[రకం="సాధారణ"]/ధర' --వాల్యూ 2369 వడ్లు.ఎక్స్‌ఎమ్‌ఎల్ > కొత్తవి.ఎక్స్‌ఎమ్‌ఎల్

ఎడ్ అసలు ఫైలును ముట్టుకోదు, మారిన రూపాన్ని తెర మీదకు పంపుతుంది. దాన్ని > గుర్తుతో వేరే ఫైలులోకి మళ్లించాం. అదే పేరున్న ఫైలులోకి మళ్లించారా, ఉన్నది పోయినట్టే. ఆదేశం చదవడం మొదలుపెట్టకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. అదే ఫైలులో మార్చే ఆప్షన్ --ఇన్‌ప్లేస్ ఉంది గానీ అది పాత నకలు దాచిపెట్టదు. సీజన్ లెక్కల మీద దాన్ని వాడకండి. కొత్త ఫైలు రాయించి, డిఫ్ ఆదేశంతో పాతదీ కొత్తదీ పోల్చి, మారాల్సిన వరసలే మారాయని చూశాకే పేరు మార్చండి. పోల్చేటప్పుడు ఖాళీల తేడాలు అడ్డు రాకుండా ఎడ్ తర్వాత --పీఎఫ్ ఇస్తే అసలు ఫైలు వరసలు, ఖాళీలు అలాగే ఉంటాయి.

ఇంకో జాగ్రత్త: "ఏ గ్రేడ్" అన్నచోట ముందో వెనకో ఖాళీ పడి ఉంటే పోలిక తప్పుతుంది, ఆ రైతుకు పాత ధరే మిగులుతుంది, ఏ హెచ్చరికా రాదు. రకం="ఏ గ్రేడ్" బదులు నార్మలైజ్-స్పేస్(రకం)="ఏ గ్రేడ్" అని రాయండి. మార్చాక //రైతు[ధర < 2369] అని అడిగితే ఎవరూ రాకూడదు.

ఇక డబ్బు లెక్క. బస్తాకు 40 కిలోల నికర తూకం అనుకుంటే 120 బస్తాలు 48 క్వింటాళ్లు, 2389 చొప్పున 1,14,672 రూపాయలు. ప్రతి రైతుకూ లెక్కగట్టి మొత్తం కూడటం ఎక్స్‌పాత్ 1.0కు ఒకే ప్రశ్నలో రాదు. అది ఉన్న విలువలనే కూడగలదు, గుణించిన ఫలితాలను కూడలేదు. కాబట్టి ముందు ప్రతి రైతుకూ ఒక కొత్త ట్యాగు పెట్టి అందులో లెక్క రాయించాలి:

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ ఎడ్ --సబ్‌నోడ్ '//రైతు' --టైప్ ఎలెమ్ --నేమ్ మొత్తం --వాల్యూ '' --అప్‌డేట్ '//రైతు/మొత్తం' --ఎక్స్‌పర్ '../బస్తాలు * 40 డివ్ 100 * ../ధర' కొత్తవి.ఎక్స్‌ఎమ్‌ఎల్ > లెక్క.ఎక్స్‌ఎమ్‌ఎల్

ఎలెమ్ అంటే ఇ, ఎల్, ఇ, ఎమ్. ఎక్స్‌పర్ అంటే ఇ, ఎక్స్, పి, ఆర్. --వాల్యూ ఉన్నదున్నట్టు రాస్తుంది, --ఎక్స్‌పర్ లెక్కగట్టి రాస్తుంది. రెండు చుక్కలు అంటే ఒక మెట్టు పైకి, అంటే మొత్తం నుంచి దాని రైతు దగ్గరికి. భాగహారానికి / గుర్తు పనికిరాదు, అది దారి గుర్తు కాబట్టి డివ్ అని రాయాలి. తీసివేతకు అటూ ఇటూ ఖాళీ తప్పనిసరి. మొత్తం-తరుగు అని కలిపి రాస్తే అదంతా ఒకే ట్యాగు పేరు అనుకుంటుంది.

ఇప్పుడు సమ్(//మొత్తం) అడిగితే 252554 రావాలి: 114672, 80546, 57336. మొదటిసారి ఇలా రెండు మూడు రైతుల లెక్క చేత్తో వేసి సరిచూసుకోవడం మానొద్దు.

సన్న వడ్లకు తెలంగాణ ప్రభుత్వం 2024-25 వానాకాలం నుంచి ప్రకటించిన క్వింటాకు 500 బోనస్ కూడా ఇలాగే వేయవచ్చు. రైతు ట్యాగులో సన్నం="అవును" అనే యాట్రిబ్యూట్ ఉందనుకోండి. ధర బదులు (../ధర + 500 * (../@సన్నం="అవును")) అని రాస్తే చాలు. పోలిక నిజమైతే 1, కాకపోతే 0 అవుతుంది గనక సన్నాలు పండించినవాళ్లకే 500 కలుస్తుంది.

కొత్త టోకెన్ చేర్చడం కాస్త పొడుగు వ్యవహారం. కేంద్రం కింద --సబ్‌నోడ్‌తో ఖాళీ రైతు ట్యాగు పెట్టి, వెంటనే --వార్ కొత్త '$ప్రెవ్' అని రాయండి. $ప్రెవ్ అంటే ఇప్పుడే చేర్చిన ట్యాగు. దాన్ని "కొత్త" అనే పేరుతో పట్టి ఉంచకపోతే, తర్వాతి చేర్పుతో $ప్రెవ్ అటు జరిగిపోతుంది. ఆపైన --ఇన్సర్ట్ '$కొత్త' --టైప్ అట్టర్ --నేమ్ టోకెన్ --వాల్యూ 104, ఆ వెనక ఒక్కో విలువకు --సబ్‌నోడ్ '$కొత్త' --టైప్ ఎలెమ్ అంటూ వరసగా. అట్టర్ అంటే ఏ, టి, టి, ఆర్. ఇక్కడ జంట కోట్లు వాడితే షెల్ $ప్రెవ్‌ను తన సొంత పేరనుకుని ఖాళీ చేసేస్తుంది.

తీసేయడానికి --డిలీట్ '//రైతు[@టోకెన్="103"]'. తీసే ముందు అదే ప్రశ్నను సెల్‌లో --కాపీ-ఆఫ్‌తో ఒకసారి నడిపి, ఏం పోతుందో కళ్లారా చూడండి.

ట్యాలీ ఫైలు దగ్గర ఆగిపోతే

ట్యాలీ నుంచి తెచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ చాలాసార్లు మొదటి అడుగులోనే "చెల్లని అక్షరం విలువ 4" అని ఎర్రర్ ఇస్తుంది. పేరెంట్ ట్యాగుల్లో "ప్రైమరీ" అనే మాటకు ముందు ట్యాలీ &#4; అనే గుర్తు రాస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ప్రకారం 4వ నంబరు అక్షరం ఏ రూపంలోనూ ఉండకూడదు. ఫైలు ఇంకా సరైన ఎక్స్‌ఎమ్‌ఎల్ కాకపోవడంతో ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ దాన్ని చదవదు. ఈ ఒక్క పనికి మాత్రం వరసల పనిముట్టు సెడ్డే సరైనది:

సెడ్ 'ఎస్/&#4;//జి' ట్యాలీ.ఎక్స్‌ఎమ్‌ఎల్ > శుభ్రం.ఎక్స్‌ఎమ్‌ఎల్

సెడ్ నడిచినా ఏమీ మారలేదంటే ఫైలు యూటీఎఫ్-16లో ఉంది. ఫైల్ ఆదేశంతో అది తేలుతుంది. అప్పుడు ముందు ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టి యూటీఎఫ్-8 అని మార్చి, ఆ తర్వాత సెడ్. మొదటి వరసలో యూటీఎఫ్-16 అని రాసి ఉంటే దాన్ని కూడా దిద్దాలి. లేకపోతే మాటకూ అక్షరాలకూ పొంతన కుదరక మళ్లీ ఆగుతుంది.

ఎఫ్‌ఓకు --రికవర్ అనే ఆప్షన్ ఉంది, విరిగిన ఫైలును వీలైనంత బాగు చేస్తుంది. లెక్కల ఫైళ్ల మీద దాన్ని నమ్ముకోవద్దని మా గట్టి మాట. అర్థం కానిదాన్ని అది వదిలేస్తుంది, ఏది వదిలిందో మీరు వెతుక్కోవాలి.

ట్యాలీ ట్యాగులు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, పెద్ద, చిన్న అక్షరాల తేడా ఎక్స్‌పాత్ కచ్చితంగా చూస్తుంది. తేదీలు సంవత్సరం, నెల, రోజు కలిపి ఎనిమిదంకెలు: 20251015. దాంతో తేదీల మధ్య వెతకడం సులువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కావాలంటే

//వోచర్[తేదీ >= 20251001 అండ్ తేదీ <= 20251231]

అని, వోచర్, తేదీ ఉన్నచోట ట్యాలీ ట్యాగులైన వోచర్, డేట్‌లను పెద్ద అక్షరాల్లో పెట్టి అడగవచ్చు. మొత్తాల గుర్తు చూసి తికమక పడకండి. ఈ ఫైలులో డెబిట్ మొత్తాలకు ముందు మైనస్ ఉంటుంది. ఏడాది వోచర్లన్నీ ఒకే ఫైలుగా ఎగుమతి చేయకుండా నెలవారీగా చేయడం మంచిది. ఫైలు మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించుకుంటుంది కాబట్టి ఫైలు సైజుకు కొన్ని రెట్ల ర్యామ్ కావాలి.

జవాబును ఎక్సెల్‌లోకి తీసుకోవాలంటే | గుర్తుతో విడదీసిన ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేయకండి, తెలుగు చెడుతుంది. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ దారిన తెచ్చి, 65001 అని రాసి ఉండే యూటీఎఫ్-8ను ఎంచుకోండి.

ప్రశ్న సరిగ్గానే ఉంది, జవాబు రాదు

కేఎమ్‌ఎల్ ఫైలులో ఎల్ -యు "ప్లేస్‌మార్క్" ట్యాగు చూపిస్తుంది, //ప్లేస్‌మార్క్ అని అడిగితే మాత్రం ఏమీ రాదు, ఎర్రర్ కూడా ఉండదు. కారణం మొదటి ట్యాగులో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అనే యాట్రిబ్యూట్. అది లోపలి ట్యాగులన్నిటికీ ఒక ఇంటిపేరు తగిలిస్తుంది. ఇంటిపేరు లేకుండా పిలిస్తే ఎక్స్‌పాత్ ఆ ట్యాగును గుర్తించదు. వెర్షన్ 1.5 నుంచి దీనికి దగ్గరి దారి ఉంది, మొదటి ట్యాగు ఇంటిపేరుకు ఒక కింది గీత చాలు:

//_:ప్లేస్‌మార్క్/_:నేమ్

ఈ ట్యాగుల పేర్లు ఇంగ్లీషులో కొట్టాలి, ప్లేస్‌మార్క్‌లో మొదటి పి మాత్రం పెద్ద అక్షరం. దారిలోని ప్రతి ట్యాగుకూ _: పెట్టాలి, ఒక్కదానికి మరిచినా జవాబు ఖాళీ. యాట్రిబ్యూట్లకు అక్కర్లేదు. కేఎమ్‌జెడ్ అయితే అది జిప్ ఫైలు, ముందు విప్పండి. ఇంకో సంగతి: కేఎమ్‌ఎల్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. నల్లగొండ పక్కన పానగల్ ఉదయ సముద్రం హద్దు గీస్తే 79తో మొదలయ్యే అంకె ముందు, 17తో మొదలయ్యేది వెనక ఉండాలి. తిరగబడితే చెరువు మ్యాపులో ఎక్కడో తేలుతుంది.

సరిచూసి పంపడం

చేత్తో ముట్టుకున్న ప్రతి ఫైలునూ పంపే ముందు:

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ వాల్ --ఎర్ర్ లెక్క.ఎక్స్‌ఎమ్‌ఎల్

ఎర్ర్ అంటే ఇ, ఆర్, ఆర్. తప్పు ఏ వరసలో ఉందో చెబుతుంది. మూయని ట్యాగు విషయంలో అది చూపే వరస నంబరు తప్పు బయటపడిన చోటుది, అసలు లోపం దానికి పైన ఉంటుంది. ఒక ఫోల్డర్‌లో వంద ఫైళ్లుంటే --లిస్ట్-బ్యాడ్ ఇస్తే చెడిపోయినవాటి పేర్లే వస్తాయి. వాల్ చూసేది నిర్మాణం మాత్రమే. తేమ స్థానంలో 165 అని పడినా దానికి అభ్యంతరం లేదు. అలాంటి హద్దులు కూడా పట్టాలంటే ఎక్స్‌ఎస్‌డీ నియమాల ఫైలు రాసుకుని --ఎక్స్‌ఎస్‌డీతో ఇవ్వాలి.

నకిరేకల్, హాలియా, దేవరకద్ర, మక్తల్ ఒక్కో కేంద్రానికి ఒక్కో ఫైలు ఉంటే లూప్ రాయకుండానే అన్నిటి కూడికలూ వస్తాయి. --ఐఎన్‌పీ-నేమ్ ఆప్షన్ ప్రతి వరస ముందు ఫైలు పేరు రాస్తుంది:

ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ సెల్ --టెక్స్ట్ --టెంప్లేట్ --ఐఎన్‌పీ-నేమ్ --అవుట్‌పుట్ '|' --వాల్యూ-ఆఫ్ 'సమ్(//బస్తాలు)' --ఎన్‌ఎల్ *.ఎక్స్‌ఎమ్‌ఎల్

రోజూ నడిచే స్క్రిప్టులో మనిషి చూడకుండానే తప్పుడు ఫైలు ఆగాలంటే సెల్ ఇచ్చే ముగింపు కోడ్ వాడుకోవచ్చు. ఏదైనా దొరికితే 0, ఏమీ దొరకకపోతే 1. --క్వయట్ ఇస్తే తెర మీద ఏమీ రాయదు, కోడ్ మాత్రమే ఇస్తుంది:

ఇఫ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ సెల్ --క్వయట్ --టెంప్లేట్ --కాపీ-ఆఫ్ '//రైతు[నాట్(నంబర్(తేమ))]' లెక్క.ఎక్స్‌ఎమ్‌ఎల్; దెన్ ఎకో 'తేమ లేని టోకెన్లు ఉన్నాయి'; ఎగ్జిట్ 1; ఎఫ్‌ఐ

ఇక్కడ --కాపీ-ఆఫ్ బదులు కౌంట్ ఫంక్షన్ వాడొద్దు. ఎవరూ దొరకకపోయినా అది 0 అనే అంకె రాస్తుంది, ఏదో దొరికిందని స్క్రిప్టు అనుకుని మంచి ఫైలును కూడా ఆపేస్తుంది. --మ్యాచ్ బయట --ఎన్‌ఎల్ పెట్టినా అదే జరుగుతుంది, ఖాళీ వరస కూడా దానికి జవాబే. ఈ తనిఖీని ఒక్కో ఫైలు మీద విడిగా నడపండి.